చిన్న విమానములు, ప్రాణనష్టపు లెక్కలు

కొయ్యూరు పేరు వినినంతనే తెలుగువానికి 1924 మే 7వ తేదీయు, అల్లూరి సీతారామరాజు కడపటి గడియలును జ్ఞప్తికి వచ్చును గాని విమానము జ్ఞప్తికి రాదు. నర్సీపట్నము వైపునుండి మన్యములోనికి అడుగుపెట్టువానికి ఇచ్చట కనబడునవి జీడితోటలు, చింతచెట్లు, వాగులు, వాటి వెనుక గోడకట్టినట్లు లేచిన గూడెం కొండలు. మిక్కిలి ఎత్తున సాగిపోవు పెద్ద విమానము విడిచిన సన్నని తెల్లచారను తలయెత్తి చూచుట తప్ప, ఆకాశయానముతో ఈ ప్రాంతమునకు ప్రత్యక్షమైన పరిచయము లేదు. భోగాపురపు విమానాశ్రయమునకు రాజు పేరే నిర్ణయమైనను, ఆయన నేలకొరిగిన ఊరి మీదుగా చిన్న విమానము తక్కువ ఎత్తున పోవుట నేటికిని అరుదు. అయినను, చిన్న విమానములలో ఏది ఎంతవరకు నమ్మదగినది, ఏ రకపు విమానము ఎక్కువమంది ప్రాణములను హరించినది అను ప్రశ్నను ఈ కొండల పాదమున నిలిచి విచారించుటకు హేతువు కలదు. చిన్న విమానమునకు ప్రాణాంతకములైన మబ్బు క్రమ్మిన శిఖరము, ఇరుకు లోయ, కొండ దాటి క్రిందికి దూకు గాలి ఇచ్చట ఒక్కచోట కూడియున్నవి. పైగా, రోగిని, నిండు గర్భిణిని డోలీ కట్టి మోసికొని వచ్చు దుఃస్థితి ఇంకను తీరని ఈ మన్యమునకు గాలిమార్గమున వైద్యము రావలెనను కోరిక న్యాయమైనది. ఆ వాహనము వచ్చునాటికి, దాని ప్రమాదముల లెక్కను చదువు నేర్పు మనకు అలవడియుండుట మేలు.

కూలిన విమానములను వ్రేళ్లపై లెక్కపెట్టి ఒక రకము మంచిదనియు ఇంకొకటి చెడ్డదనియు తీర్పు చెప్పుట అందరును చేయు పొరపాటు. అమెరికాలో 1956 నుండి తయారగుచున్న సెస్నా 172 అను నాలుగు సీట్ల విమానము ఇంతవరకు 44,000కు మించి నిర్మితమై, లోకమున అన్ని విమానముల కంటె సంఖ్యలో మిన్నయైనది. అన్ని ఎగురుచుండగా వాటిలో కూలునవి కూడ ఎక్కువగనే ఉండుట సహజము. ఆ సంఖ్యను బట్టి ఆ విమానము అపాయకరమనుట అవివేకము. కావున ఈ శాస్త్రము తెలిసినవారు ప్రాణనష్టము కలిగించిన ప్రమాదముల సంఖ్యను ఆ రకపు విమానములన్నియు కలిసి ఎగిరిన గంటలచేత భాగించి, లక్ష గంటలకు ఎన్ని అని చెప్పుదురు. అమెరికాలో ఎయిర్‌లైన్సు, సైన్యము మినహా తక్కిన సకల విమానములకు కలిపి ఈ లెక్క ఇటీవలి సంవత్సరములలో లక్ష గంటలకు ఇంచుమించు ఒకటి. అచ్చట చిన్న విమానముల ప్రమాదములను ఏటేట విశ్లేషించు నివేదికకు చాలకాలము జోసెఫ్ నాల్ పేరుండెను; ప్రమాదములను విచారించు జాతీయ సంస్థలో సభ్యుడైన ఆయన 1989లో వెనిజులా రాజధాని కరాకస్ వద్ద విమానప్రమాదముననే అసువులు బాసెను.

లక్ష గంటలకు ఒక్కటి అనగా చెవికి స్వల్పముగా వినబడును. అయితే సొంత విమానము గలవాడు ఏటికి నూరు గంటలు ఎగిరెననుకొందము. అట్టివారు వేయిమంది ఉన్నచో, వారిలో ఒకని విమానము ఏటేట ప్రాణాంతకమైన ప్రమాదమునకు లోనగునని దాని భావము. గంటకు రెండువందల కిలోమీటర్ల వేగముతో పోవు చిన్న విమానము లక్ష గంటలలో రెండు కోట్ల కిలోమీటర్లు తిరుగును. ఒక్కొక్క ఘోరప్రమాదమున ఇంచుమించు ఇద్దరు మరణింతురు గనుక, సుమారు కోటి కిలోమీటర్లకు ఒక ప్రాణము పోవుచున్నట్లు లెక్క తేలును. అమెరికా రోడ్ల మీద మోటారు వాహనములు ఒక ప్రాణమును తీయుటకు పన్నెండు కోట్ల కిలోమీటర్ల వరకు తిరుగును. అనగా చిన్న విమానము అచ్చటి కారు కంటె పదిరెట్లకు పైగా అపాయకరము. పెద్ద విమానముల సంగతి వేరు: 2009 ఫిబ్రవరి నుండి 2025 జనవరి వరకు, ఇంచుమించు పదునారు సంవత్సరముల పాటు, అమెరికా ఎయిర్‌లైన్సు విమానమేదియు కూలి ప్రయాణికులు మూకుమ్మడిగా మరణించుట సంభవింపలేదు. విమానప్రయాణము రోడ్డు ప్రయాణము కంటె సురక్షితమను మాట ఆ పెద్ద విమానములకే చెల్లును. ఆరు సీట్ల అద్దె విమానము ఎక్కువాడు ఆ ధైర్యమును వెంట తీసికొనిపోరాదు.

ప్రమాదములను గంటలచేత భాగించు ఈ భాగహారములో పై అంకె కంటె క్రింది అంకె బలహీనమైనది. కూలిన విమానము దాగదు. దానిని విచారణాధికారులు ఎట్లైనను లెక్కింతురు. ఎగిరిన గంటలో? ఎయిర్‌లైన్సు ప్రతి నిమిషమును నమోదు చేయును గాని, సొంత విమానము గలవారి గంటలను అమెరికా ప్రభుత్వము కొందరు యజమానులకు ప్రశ్నపత్రములు పంపి, వచ్చిన ప్రత్యుత్తరముల నుండి అంచనా కట్టుచున్నది. అట్టి అంచనాపై నిలిచిన రేటులో దశాంశ స్థానములను పట్టుకొని రెండు విమానములకు తారతమ్యము నిర్ణయించుట వ్యర్థము. రెట్టింపు భేదము కనబడినప్పుడే దానిని గూర్చి ఆలోచింపవలెను. అప్పుడైనను ఆ భేదము విమానమునదా, దానిని వాడువారిదా అని అడుగవలెను.

ఆ ప్రశ్నయే ఈ విషయమంతటికిని ఆయువుపట్టు. మా కొండలలో కొండచరియను పట్టి తాడుతో దిగి తేనె తీయువాడు, సంతబాట నడుచువాని కంటె ఎక్కువసార్లు పడును. ఆ లెక్కను చూచి తాడును నిందించువాడు ఉండడు. సెస్నా 172 ఎక్కువభాగము శిక్షణకు వాడబడును. పగటివేళ, నిర్మలాకాశమున, విమానాశ్రయపు పరిసరములలో, ప్రక్కన గురువు కూర్చుండగా అది ఎగురును. దిగునప్పుడు శిష్యుడు చక్రము వంచును, రెక్క గీరును. అవి ప్రమాదముల జాబితాకు ఎక్కును గాని శ్మశానమునకు దారితీయవు. అందుచేత దాని ప్రాణనష్టపు రేటు సగటు కంటె బాగుగా తక్కువ. అంతకంటె వేగము గల విమానమును కొనువాడు దూరప్రయాణమునకే కొనును. దూరము పోవువానికి దారిలో మబ్బు తగులును, చీకటి పడును, గమ్యమున పని కాచుకొనియుండును. 1947లో వచ్చిన బొనాంజా అను అందమైన విమానము, తోక రెండు రెక్కలుగా చీలియుండుట వలన ప్రసిద్ధమై, డాక్టర్లను చంపునదను అపఖ్యాతిని కూడ మూటగట్టుకొన్నది. సంపాదనాపరులై తీరిక తక్కువైన వైద్యులు దానిని కొని, తమ నేర్పునకు మించిన వాతావరణములోనికి చొచ్చుట అందుకొక కారణము. మబ్బులో దారితప్పి, భూమ్యాకాశముల భేదము తెలియక విమానము మెలితిరిగి దిగుచుండగా, వేగమునకు తాళలేక తోక విరుగుటయు కలదు. ఆ తోకను పటిష్ఠము చేయవలెనని 1980లలో అధికారులు ఆదేశించిరి. లోపమొకటి యంత్రమునది, ఒకటి మనిషిది. రేటు రెండింటిని కలిపి ఒకే అంకెగా చూపెను.

యంత్రమును మార్చక మనిషిని మార్చినచో రేటు ఎంత మారునో తెలిసికొనుటకు సిరస్ విమానముల చరిత్ర కంటె మంచి ఉదాహరణము నాకు తెలియదు. ఆ విమానములను నిర్మించిన సోదరులలో ఒకడైన అలన్ క్లాప్‌మయర్ 1985లో గగనతలమున వేరొక విమానముతో ఢీకొని, రెక్క దెబ్బతిన్న విమానమును ఎట్లో నేలకు దించి బ్రతికెను. ఎదుటి విమానపు పైలట్ మరణించెను. ఆ సంఘటన ఆయనను వదలలేదు. 1998లో ధ్రువీకరణ పొందిన తమ విమానమునకు ఆ సోదరులు అంతవరకు విమాన తయారీదారులు మామూలుగా చేయని ఏర్పాటు చేసిరి: పైలట్ నెత్తిపైనున్న పిడిని లాగినచో చిన్న రాకెట్టు మండి, విమానమంతటిని మోయు పారాచూట్ వెలికివచ్చి, మనుషులతోకూడ విమానమును మెల్లగా నేలకు దించును. 2002 అక్టోబరులో టెక్సాస్ రాష్ట్రమున రెక్క అంచున కదలు పలక ఊడి అదుపుతప్పిన విమానములో ఒక పైలట్ దానిని లాగి గాయము లేకుండ బయటపడెను. ఇట్టి సాధనము గల విమానమున మరణములు గణనీయముగా తగ్గవలెను గదా! తగ్గలేదు. మొదటి పదియేండ్లలో దాని రేటు తక్కిన చిన్న విమానముల సగటు కంటె మెరుగుపడకపోగా కొంతకాలము అధికముగనే ఉండెను. విచారింపగా, మరణించినవారిలో పలువురు పారాచూట్ లాగవలసిన వేళ లాగనే లేదని తేలెను. కొందరు తమ నేర్పుతోనే గట్టెక్కగలమని తుదివరకు పెనుగులాడిరి. కొందరికి ఆ పిడి ఉన్నదను స్ఫురణయే కలుగలేదు. మరికొందరు నేల మిక్కిలి దగ్గరపడిన పిదప లాగిరి. ఆ విమానముల యజమానుల సంఘమువారు, తయారీ సంస్థవారు, శిక్షకులు ఏకమై, ముందుగా లాగుడు, సందేహింపక లాగుడు అని పదేపదే బోధించిరి. విమానమును పోగొట్టుకొనుట పరాభవము కాదని నచ్చజెప్పిరి. తరువాత కొద్ది సంవత్సరములలోనే ప్రాణనష్టపు రేటు సగమునకు మించి పడిపోయెను. విమానము అదియే, పారాచూట్ అదియే.

రెండు ఇంజనులున్న చిన్న విమానము ఒక ఇంజను దానికంటె రెండింతలు క్షేమమని సామాన్యుడు తలంచుటలో తప్పులేదు గాని, అనుభవము అట్లు చెప్పుటలేదు. నేల విడిచిన కొద్ది క్షణములకే ఒక ఇంజను ఆగినచో, మిగిలిన ఇంజను విమానమును ఒక ప్రక్కకు త్రిప్పివేయును. ఆ లిప్తపాటులో చేయవలసినవి తప్పక చేయు అభ్యాసము లేనివానికి రెండవ ఇంజనే మృత్యువగును. ఒక ఇంజను విమానమున ఇంజను ఆగినప్పుడు పైలట్ తనముందున్న పొలములో దిగుట తప్ప వేరు ఆలోచన చేయడు, పలుమారు బ్రతుకును.

ఇక మన తెలుగువారి కన్నీటిని చూతము. 2002 మార్చి 3న లోకసభ స్పీకరు శ్రీ జి.ఎం.సి. బాలయోగి గారు భీమవరము నుండి హైదరాబాదునకు హెలికాప్టరులో బయలుదేరి, నాటి కృష్ణా జిల్లా కైకలూరు వద్ద పైలట్‌తోను, అంగరక్షకునితోను కలిసి మరణించిరి. అది బెల్ 206. ఒక ఇంజను హెలికాప్టరులలో మిక్కిలి క్షేమమైనదని లోకమంతట పేరు గన్నది. దారి సరిగా కానరాని స్థితిలో పైలట్ చేపలచెరువును గట్టినేలగా భ్రమించి దిగబోగా, హెలికాప్టరు కొబ్బరిచెట్టుకు తగిలినది. కొల్లేటి సీమలో నేలకును నీటికిని పైనుండి భేదము తెలియుట ఎంత కష్టమో ఆ ప్రాంతము ఎరిగినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. 2004 ఏప్రిల్ 17న తెలుగు ప్రేక్షకులు తమ ఇంటి ఆడపడుచుగా భావించిన నటి సౌందర్య, ఎన్నికల ప్రచారమునకై బెంగళూరు జక్కూరు నుండి కరీంనగరమునకు బయలుదేరిన సెస్నా 180 నేల విడిచిన కొద్దిసేపటికే కూలగా, సోదరుడు అమర్‌నాథ్‌తోను మరి ఇద్దరితోను అగ్నికి ఆహుతియైనది. సెస్నా 180 రాతినేలలపై, ఇసుకతిన్నెలపై దిగి లేచుటకు పేరుపొందిన దృఢమైన విమానము.

2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి డాక్టర్ వై.ఎస్. రాజశేఖర రెడ్డి గారి మరణము అన్నిటికంటె విపులముగా విచారింపబడినది. ఉదయము 8.38కి బేగంపేట నుండి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన బెల్ 430 రెండు ఇంజనులు, ఇద్దరు పైలట్లు, వాతావరణమును చూపు రాడారు గలది. గంట గడవకమునుపే నల్లమలలో, పావురాలగుట్ట ప్రాంతమున అది నేలకూలి అయిదుగురును మరణించిరి; మరునాడు గాని శకలములు కనబడలేదు. ఆర్.కె. త్యాగి అధ్యక్షతన ఏర్పడిన సాంకేతిక సంఘము కనుగొన్న విషయము చదువువారి హృదయమును కలచివేయును. ట్రాన్స్‌మిషన్ ఆయిలు పీడనమును గూర్చిన ఒక హెచ్చరిక కనబడగా, దానికి చేయవలసిన దానిని పుస్తకములో వెదకుటలో పైలట్లు ఆరు నిమిషములకు పైగా మునిగియుండిరి. ఆ ఆరు నిమిషములలో హెలికాప్టరు కారుమబ్బుల లోనికి సాగిపోయినది. తుదకు క్రిందికి దూకు బలమైన గాలి దానిని అదుపుతప్పించి నేలకు కొట్టినది. వెనుదిరుగుటకో, దారి మార్చుటకో నిర్ణయింపవలసిన కాలము పుటలు త్రిప్పుటలో గడచిపోయెను. ఈ మూడు ఘోరములలోను యంత్రముల ప్రమాదపు రేట్ల పట్టికను ముందుగా పరిశీలించినవాడు ఎవడైనను, ఈ విమానము ఎక్కవద్దు అని చెప్పియుండడు. పట్టిక ఆ యంత్రములను గూర్చి చెప్పినది నిజమే. ఆనాటి మబ్బును, కార్యక్రమపు వేళను, ముందుకే పోవలెనను ఒత్తిడిని గూర్చి చెప్పుటకు దానికి నోరు లేదు.

మన శిక్షణ విమానములును కూలుచున్నవి. 2019 అక్టోబరు 6న వికారాబాదు జిల్లాలో గాలివానకు చిక్కి సెస్నా 172 కూలి ఇద్దరు విద్యార్థులు, 2022 ఫిబ్రవరి 26న నల్లగొండ జిల్లా పెద్దవూర వద్ద సెస్నా 152 కూలి ఒంటరిగా ఎగురుచున్న విద్యార్థిని ప్రాణములు విడిచిరి. ఇట్టివానిని బట్టి మన దేశమున ఫలానా రకము రేటు ఇంత అని చెప్పబూనుటలో ఒక చిక్కు కలదు. ఒక రకపు విమానములు దేశమున పదియే ఉండి, ఒక్కొక్కటి ఏటికి రెండువందల గంటలు ఎగిరినచో, మొత్తము రెండువేల గంటలు. ఒక సంవత్సరము ఒకటి కూలెనా, రేటు లక్ష గంటలకు ఏబది. మరుసటి సంవత్సరము సున్న. ఈ రెండంకెలలో ఏదియు ఆ విమానపు గుణమును తెలుపదు. అందుకే పది పదునైదేండ్ల లెక్క, రకమువారీగా, శిక్షణకు ఎగిరినవి వేరు, అద్దెకు ఎగిరినవి వేరు, సొంతపనికి ఎగిరినవి వేరు అను విభజనతో ప్రజల ముందుండవలెను. 2012లో ఏర్పడిన కేంద్ర విమానప్రమాద దర్యాప్తు సంస్థ ప్రమాదముల నివేదికలను ప్రచురించుచున్నది. ఆ నివేదికల ప్రక్కనే ఎగిరిన గంటల పట్టికయు సామాన్యునికి సులభముగా అందునట్లు ప్రతి యేట వెలువడవలెనని నేను గట్టిగా కోరుదును. ఎన్నికల వేళ పదుల సంఖ్యలో హెలికాప్టరులు పల్లెపల్లెకు దిగు ఈ దేశమున అది ఆడంబరమైన కోరిక కానేరదు.

ఈ కొండలపై చిన్న విమానము పోవునప్పుడు జరుగుదానిని కొంత దగ్గరగా చూడవలెను. నైరుతి గాలి గూడెం కొండలను తాకి పైకి లేచును. లేచిన గాలి చల్లబడి శిఖరముల మీద మబ్బై కూర్చుండును. ఆషాఢ శ్రావణములలో ఉదయము తేటగా కనబడిన కొండకొమ్ము, మధ్యాహ్నమునకు ముందే సగము మాయమగుటను కొయ్యూరు వీధిలో నిలుచుండియే చూడవచ్చును. పైనున్న పైలట్‌కు ఆ మబ్బు కొండకు పొదిగిన తెల్లని దూదివలె గాక, కొండ లేనే లేదన్నట్లు కనబడును. శిఖరము దాటిన గాలి ఆవలివైపున క్రిందికి జారును. సెస్నా 172 సముద్రమట్టమున నిమిషమునకు సుమారు 220 మీటర్లు మాత్రమే పైకి పోగలదు. ఎత్తు పెరిగిన కొలది ఆ శక్తి క్షీణించును. ఎదుటి గాలి అంతకు మించిన వేగముతో దిగుచున్నచో, ఇంజను పూర్తిబలముతో మ్రోగుచుండగనే విమానము నేలవైపు పోవును. వేసవిలో వేరొక చిక్కు: 900 మీటర్ల ఎత్తున, 35 డిగ్రీల వేడిమిలో పలుచబడిన గాలి, విమానపు రెక్కకు ఇంచుమించు 1,800 మీటర్ల ఎత్తున ఉన్న గాలితో సమానము. మైదానములో నలుగురిని సునాయాసముగా మోసిన విమానము అదే నలుగురితో ఇరుకులోయలో మలుపు తిరుగలేకపోవచ్చును. ఈ తూర్పు కనుమలలోనే శిఖరములు 1,600 మీటర్లకు పైబడియున్నవి. 2008 ఆగస్టులో హైదరాబాదు నుండి ఛత్తీస్‌గఢ్‌కు పోవుచు అదృశ్యమైన హెలికాప్టరు శకలములు ఉత్తరపు అడవికొండలలో దొరకుటకు నెలలు పట్టినది. మన్యపు అడవి కూలినదానిని కూడ త్వరగా చూపదు.

ఇట్టి చోట వైద్యమునకై హెలికాప్టరు తేవలెనని పూనుకొన్నవారు అమెరికా అనుభవమును చదువవలెను. అచ్చట వైద్యసేవ హెలికాప్టరులకు 2008 మునుపెన్నడును లేనంత దారుణమైన సంవత్సరము. మరుసటి ఫిబ్రవరిలో జాతీయ రవాణా భద్రతా సంస్థ బహిరంగ విచారణ జరిపినది. చీకటి, మబ్బు, కొండ, తొందర అనునవే మరల మరల బయటపడిన కారణములు. 2014లో ఎదుట నేల పొంచియున్నదని హెచ్చరించు పరికరమును అట్టి హెలికాప్టరులకు నిర్బంధము చేసిరి. దానికంటె నాకు మిన్నగా తోచినవి, ఖర్చులేని రెండు కట్టుబాట్లు. పిలుపు వచ్చినప్పుడు పైలట్‌కు రోగి ఎవరో, పసిబిడ్డయో, ప్రాణము మీదికి వచ్చినదో లేదో చెప్పరు. బయలుదేరవలసిన చోటు, చేరవలసిన చోటు, వేళ మాత్రమే చెప్పుదురు. ఆతడు వాతావరణము చూచి ఔననో కాదనో అన్న పిమ్మటనే తక్కిన సంగతి తెలుపుదురు. జాలి చేత మబ్బులోనికి పోవుటను ఆ విధముగా నివారింతురు. రెండవది, పైలట్, నర్సు, వైద్యసహాయకుడు ముగ్గురును సమ్మతించిన గాని హెలికాప్టరు లేవరాదు; ఒక్కరు వద్దన్నను ప్రయాణము ఆగును, ఎందుకు వద్దంటివని ఆ ఒక్కరిని ఎవరును నిలదీయరాదు. మన్యమునకు వచ్చు హెలికాప్టరు ఏ కంపెనీది, దానికి ఎన్ని ఇంజనులు అని అధికారులు నిర్ణయింతురు గాక. ఆ హెలికాప్టరు కొనుటకు మునుపే ఈ రెండు కట్టుబాట్లను వ్రాతపూర్వకముగా ఒప్పందములో చేర్పవలెను. అంతేగాక, హెలికాప్టరు లేవలేని వానరోజున డోలీ మోయువారికి ఎదురుపోయి రోగిని అందుకొనుటకు రోడ్డును, ఆంబులెన్సును సిద్ధముగా నుంచవలెను. రెండవ దారి ఉన్నచోట పైలట్‌కు కాదను మాట నోటికి తేలికగా వచ్చును.